ఆ ఒక్క పాట తప్ప

నాకు గర్వం ఎక్కువని రాజమండ్రిలో చాలామంది అంటారు. ఎక్కువే. పాతికేళ్ళు మైకు సెట్టు నడిపినవాడికి ఆమాత్రం లేకపోతే ఎలా? పెళ్ళిలో ఏ మంత్రం ఎప్పుడు చదవాలో పురోహితుడికి తెలిస్తే, ఏ పాట ఎప్పుడు వెయ్యాలో నాకు తెలుసు. తెల్లవారకముందే దేవుడి పాటలు. వంటవాళ్ళు పొయ్యిలు ముట్టించే వేళకి హుషారు పాటలు. మగపెళ్ళివారి బస్సు సందు మొదట్లో ఆగగానే వాళ్ళ నడక మార్చేసే పాట. అప్పగింతలప్పుడు, అంతదాకా బిగబట్టుకున్న ఆడపిల్ల తండ్రి చేత కూడా కండువా కళ్ళకి అద్దించే పాట. నా పేరు పల్లంరాజు. మా నాన్న గోదావరి మీద వల వేసి బతికాడు, నేను గోదావరి గట్టున పాట వేసి బతుకుతున్నాను.

ఇత్తడి కొట్టు జోగేశ్వరరావుగారి అమ్మాయి పెళ్ళిలో జరిగిన సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎనభై ఒకటి, మాఘమాసం. అంటే ఏడేళ్ళయింది. చెప్పుకునేవాళ్ళంతా విన్నది సగం. మిగతా సగం విన్నది నేనొక్కణ్ణే. ఎంతమంది బతిమాలినా ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. కానీ ఈమధ్య జనం ఆ రెండో సగాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు కల్పించేస్తున్నారు. వాళ్ళు అల్లిన కథ విని విని నాకు ఒళ్ళు మండి, అసలు సంగతి చెప్పేస్తున్నాను.

ఆ రోజుల్లో నాకు కాస్త గడ్డుకాలం. క్యాసెట్లు దిగాయి. పెళ్ళికొడుకు స్నేహితులంతా జేబులో ఒక క్యాసెట్టు వేసుకుని వచ్చి, "మాస్టారూ, ఇది వెయ్యండి, మీ ఏడుపు పాటలు ఆపండి" అనేవారు. నా పెట్టెనిండా పాత రికార్డులు. ప్రేమించినవాళ్ళు విడిపోయిన పాటలు, ఎదురుచూసిన పాటలు, ఉత్తరం రాని పాటలు. వాటిని వెటకారం చేసినవాళ్ళని నేను ఊరికే వదిలేవాణ్ణి. ఎందుకంటే పాట సగమయ్యేసరికి వాళ్ళేమైపోతారో నాకు తెలుసు. ఒకసారి మండపేటలో కిళ్ళీ కొట్టువాడు ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో సున్నం పుల్ల పట్టుకుని, పాట అయ్యేదాకా రాయడం మరిచిపోయి నిలబడిపోయాడు. వాడికి అరవై ఏళ్ళుంటాయి. కొత్త పాట వస్తే ఆగిన కాళ్ళు కదులుతాయి, నిజమే. ఆ పాత పాట వస్తే కదిలే కాళ్ళు ఆగుతాయి. రెండో పని కష్టం. అది చెయ్యగల పెట్టె నా దగ్గరుందని నాకు ధీమా.

జోగేశ్వరరావుగారు ఒక సాయంత్రం స్వయంగా మా షాపుకి వచ్చారు. మెయిన్ రోడ్డులో ఆయన కొట్టు తెలియనివాళ్ళు లేరు. బిందెలు, గంగాళాలు, కంచాలు, దీపపు సెమ్మెలు. బిందెని వేలితో ఒక్కసారి మీటి, ఆ చప్పుడు విని, ఎక్కడ పగులుందో చెప్పేసేవారు. మాట పొదుపు మనిషి. నవ్వు ఇంకా పొదుపు.

"పల్లంరాజూ, మా మీనాకుమారి పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళది జంగారెడ్డిగూడెం. పగటి ముహూర్తం, పది గంటల ఇరవై నిమిషాలకి. గోదావరి గట్టున సత్రం మాట్లాడాను. నాలుగు హార్నులు కట్టు. ఏ పాట వేసుకున్నా నీ ఇష్టం. ఒక్కటి తప్ప."

"ఏదండీ శెట్టిగారూ?"

ఆయన వీధివైపు చూసి, గొంతు తగ్గించి, సరుకు చీటీ చదివినట్టు చదివారు. "రేవుకొచ్చిన నావ నాది కాదంట, కాకున్న చూపు నే మానలేనంట."

నాకు తెలియని పాటా! ఒక ఆడమనిషి రేవులో నిలబడి వచ్చే ప్రతి నావనీ చూస్తుంది. తనవాడు దిగడు. ఇంకో నావ వస్తుంది. అంతే పాట. సినిమాది కాదు, విడిగా వచ్చిన రికార్డు. పాడినావిడ పేరున్న కాగితం అరిగిపోయి, నా దగ్గరున్న రికార్డు మీద సగం పేరే కనిపిస్తుంది. ఊరు మొత్తం మీద ఆ పాట ఇంకెవరి దగ్గరా లేదని నేను పందెం కాసేవాణ్ణి.

"అలాగేనండి" అన్నాను.

ఆయన వెళ్ళలేదు. బల్లమీదున్న సూదుల డబ్బా తీసి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టారు. "ఒక మాట అడుగుతాను. నువ్వు పాటల మధ్య బతికేవాడివి. ఒక మనిషి ఒకే పాట మళ్ళీ మళ్ళీ వేసుకుని, విన్న ప్రతిసారీ ఏడిస్తే, మనసులో ఎవరో ఉన్నట్టేనా?"

ఎవరి గురించి అడుగుతున్నారో నేను ఆలోచించలేదు. నా విద్య గురించి నన్ను అడిగారన్న సంతోషం ఒక్కటే. ఛాతీ విరుచుకుని చెప్పాను. "ఉన్నట్టేనండి. అందులో అనుమానమే లేదు. మనసులో మనిషి లేకుండా పాటకి కన్నీళ్ళు రావండి. నా సర్వీసులో ఎంతమందిని చూశాను!"

ఆయన ముఖం చిన్నబోయింది. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఆ పాట గనక వినబడితే పీటల మీంచి లేచి వెళ్ళిపోతాను. కూతురి పెళ్ళని కూడా చూడను. గుర్తుపెట్టుకో."

తర్వాత నాలుగు రోజులకి అమ్మాయి వచ్చింది. మర్నాడు పెళ్ళికూతుర్ని చేస్తారట. చేశాక గడప దాటనివ్వరు కదా, అందుకని ముందురోజే పుస్తకాల వంకతో బయటపడింది. బి.ఏ. చదివిన పిల్ల, తండ్రిలా నసగదు.

"పల్లంరాజుగారూ, 'రేవుకొచ్చిన నావ' మీ దగ్గరుందాండి?"

"ఉందమ్మా. ఎందుకు?"

"నా పెళ్ళిలో వెయ్యాలండి. మా అమ్మా నాన్నా పక్కపక్కన ఉన్నప్పుడు వెయ్యాలి."

కూర్చోమని స్టూలు వేశాను. ఆ పిల్ల కూర్చుని చెప్పిన సంగతి ఇది. పదేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, బజారులో ఎవరో పెద్దాయన పోయారని కొట్లన్నీ మూసేస్తే, జోగేశ్వరరావుగారు వేళకాని వేళ ఇంటికొచ్చారు. వాళ్ళావిడ అమ్మణ్ణిగారు హాల్లో గ్రామఫోను ముందు కూర్చుని ఆ పాట వింటున్నారు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. ఆయన గుమ్మంలో నిలబడ్డది ఆవిడ చూడలేదు. పాటయ్యాక కళ్ళు తుడుచుకుని, ముల్లు మళ్ళీ మొదటికి పెట్టారు. అప్పుడు ఆయన లోపలికొచ్చి "ఎవరు?" అని అడిగారు. ఆవిడ తలెత్తి చూసేలోగా రికార్డు రెండు ముక్కలైంది.

"అప్పట్నుంచి మాటల్లేవండి" అంది మీనాకుమారి. "అమ్మ అన్నం పెట్టడం మానలేదు, నాన్న చీరలు తేవడం మానలేదు. మాట ఒక్కటే లేదు. నాన్న ఎదురుగానే ఉంటారు, 'అమ్మాయ్, మీ నాన్నని భోజనానికి రమ్మను' అంటుంది అమ్మ. అమ్మ వడ్డిస్తూనే ఉంటుంది, 'అమ్మాయ్, పులుసులో ఉప్పు చాలలేదని మీ అమ్మకి చెప్పు' అంటారు నాన్న. ఇద్దరికీ వినబడుతుంది. అయినా నేను మళ్ళీ చెప్పాలి. చెబితేగానీ కదలరు. ఒకసారి నాకు నూట మూడు జ్వరం వచ్చిందండి. మంచానికి చెరో పక్కా కూర్చుని, ఆ జ్వరంలోనూ నా చేతే మాట్లాడించారు."

నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెబుతుంటే కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"ఎల్లుండి కాక ఆవలెల్లుండి నేను జంగారెడ్డిగూడెం వెళ్ళిపోతానండి. ఆ తర్వాత ఆ ఇంట్లో మాట ఎవరు మోస్తారు? ఇద్దరూ బతికున్నన్నాళ్ళూ మూగవాళ్ళలా ఉండిపోతారండి. నాకు అత్తవారింట్లో అన్నం సహిస్తుందా?"

"అలాగని ఆ పాటే వేస్తే నిప్పులో నెయ్యి పోసినట్టు కాదా అమ్మా?"

"అమ్మ ఆ పాట మానలేదండి. నాన్న ఇంట్లో ఉంటే పెదవి కదపదు. నాన్న కొనుగోలుకి ఊరెళితే మాత్రం, వచ్చేదాకా అదే పాడుకుంటుంది. వాళ్ళ మధ్య మాట తెగింది ఆ పాట దగ్గర. బిందెకి చిల్లు పడ్డచోటే మాటు వెయ్యాలండి, పక్కన వేస్తే నీళ్ళు ఆగుతాయా? ఇత్తడి కొట్టు పిల్లని, ఆమాత్రం నాకు తెలుసు."

ఆ పిల్ల తెలివికి ముచ్చటేసింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది. శెట్టిగారు నా దగ్గరికొచ్చి అడిగిన ప్రశ్న సొంత భార్య గురించి! పదేళ్ళుగా ఒకవేళ కాదేమోనని ఎక్కడో మూల ఒక ఆశ పెట్టుకున్న మనిషి, చివరికి తెలిసినవాడినని నన్ను అడిగితే, నేను ఛాతీ విరుచుకుని "అనుమానమే లేదు" అన్నాను. నా నోరు ఎంత పని చేసింది! చేసిందంతా చేసి ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం మగతనం కాదనిపించింది.

"వేస్తానమ్మా" అన్నాను. తండ్రికి వెయ్యనని మాటిచ్చాను, కూతురికి వేస్తానని మాటిచ్చాను. చేపలు పట్టేవాడి కొడుకుని, రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో నాకెవరూ చెప్పనక్కర్లేదు.

పెళ్ళినాడు చీకటితోనే వెళ్ళి సత్రం పిట్టగోడకి నాలుగు హార్నులూ కట్టాను. నాలుగూ గోదావరి వైపే తిప్పాను. నీళ్ళ మీద పాట ఎంతదూరం పోతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. నా బల్ల మాత్రం పందిట్లోనే, పీటలకి నాలుగు బారల దూరంలో వేసుకున్నాను. మగపెళ్ళివారి కుర్రాళ్ళు పొద్దున్నే చీటీలు మొదలెట్టారు. డాన్సు పాట, డాన్సు పాట, మళ్ళీ డాన్సు పాట. రెండు వేశాను. మూడో చీటీ జేబులో పెట్టుకున్నాను. నా చెయ్యి మాటిమాటికీ పెట్టెలో అడుగునున్న ఆ రికార్డు దగ్గరికి పోయి వస్తోంది.

తొమ్మిది కావస్తుండగా అమ్మాయి తల్లినీ తండ్రినీ పీటల మీద కూర్చోబెట్టారు. జోగేశ్వరరావుగారి అక్కగారు సంపూర్ణమ్మగారు వచ్చి కొంగుముడి వేశారు. అంటే ఆయన ఉత్తరీయం చెంగూ, ఆవిడ పట్టుచీర కొంగూ కలిపి ముడి. కన్యాదానం ముగిసేదాకా అది విప్పకూడదు. సంపూర్ణమ్మగారు ఏ పనైనా గట్టిగానే చేస్తారు, ముడి కూడా అలాగే బిగించారు. ముడి పడ్డా వాళ్ళిద్దరూ బస్సులో పక్కపక్క సీట్లు దొరికిన కొత్తవాళ్ళలా కూర్చున్నారు. ఆయన చూపు హోమగుండం మీద, ఆవిడ చూపు గోదావరి మీద.

పురోహితుడు కాసేపు మంత్రాలు చదివి లేచాడు. "పెళ్ళికొడుకుని విడిది నుంచి తీసుకురావాలి. నాదస్వరం వాళ్ళు అటు వెళ్ళారు. అమ్మాయి గౌరీపూజలో ఉంది. పావుగంట టైముంది, ఈలోగా నువ్వేదైనా వెయ్యవయ్యా పల్లంరాజూ" అని, మైకు పీటల ముందే వదిలేసి వెళ్ళాడు.

ఇంతకంటే సమయం రాదని తెలుసు. అయినా నిజం చెబుతున్నాను, భయం వేసింది. శెట్టిగారు అన్నంత పనీ చేసి లేచిపోతే? మగపెళ్ళివారు ఎందుకని అడుగుతారు. ఎవరో ఒకరు చెబుతారు. అమ్మణ్ణిగారి మీద లేనిపోని మాట పుడుతుంది. అమ్మాయి పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగుతుంది. అంతా నావల్ల. పోనీ వెయ్యకుండా ఊరుకుంటే? ఈ సాయంత్రం అప్పగింతలవుతాయి, అమ్మాయి బస్సెక్కుతుంది, ఈ ఇద్దరూ ఇంటికెళ్ళి దీపం వెలిగించి చెరో గదిలో కూర్చుంటారు. రేపూ అంతే. చచ్చేదాకా అంతే.

మనుషుల మీద నాకు అంత నమ్మకం లేదు. పాట మీద ఉంది. రికార్డు తీసి, జుబ్బా అంచుతో తుడిచి, ముల్లు పెట్టాను.

ముందు గరగరమని చప్పుడు. తర్వాత వయొలిన్ తీగ ఒక్కటి సాగింది. ఆ తర్వాత ఆవిడ గొంతు. 

రేవుకొచ్చిన నావ నాది కాదంట,
కాకున్న చూపు నే మానలేనంట.

నాలుగు హార్నుల్లోంచి గోదావరి మీదకి వెళ్ళిందండీ ఆ గొంతు! రేవులో బట్టలు ఉతుకుతున్నవాళ్ళ చేతులు ఆగాయి. గాడిపొయ్యి దగ్గర వంటవాడు గరిటె ఎత్తి అలాగే ఉంచాడు. డాన్సు పాట చీటీలు రాస్తున్న కుర్రాళ్ళు కూడా కలం ఆపారు.

జోగేశ్వరరావుగారు నావైపు చూశారు. ఆ చూపు నేను బతికినన్నాళ్ళూ మరిచిపోను. కోపం ఒక్కటే అయితే తట్టుకునేవాణ్ణి. 'నువ్వు కూడానా' అన్నట్టుంది. చెయ్యి నేలకి ఆన్చి, చటుక్కున లేచారు. లేచి, ఒక అడుగు వేశారు. రెండో అడుగు పడలేదు.

సంపూర్ణమ్మగారి ముడి. ఉత్తరీయం బిగుసుకుని ఆయన్ని వెనక్కి లాగింది. ముడి విప్పాలంటే నలుగురూ చూస్తుండగా విప్పాలి, కూతురి కన్యాదానం కాకుండా. ఉత్తరీయం వదిలేసి పోవాలన్నా అంతే అపశకునం. చేత్తో ముడి పట్టుకుని, పూర్తిగా నిలబడలేక, కూర్చోలేక, వంగి ఉండిపోయారు. పందిట్లో ఉన్న జనమంతా ఆయన్నే చూస్తున్నారు.

అప్పుడు అమ్మణ్ణిగారు, తల తిప్పకుండానే, అన్నారు.

"కూర్చోండి."

ఆ మాట నాలుగు హార్నుల్లోనూ వినబడింది. పాట మీద పాటలా వినబడింది. రికార్డు వేసేముందు మైకు నాబ్ తగ్గించాలి. పాతికేళ్ళ సర్వీసులో నేనెన్నడూ మరిచిపోని పని అది. ఆ రోజు భయంలో మరిచిపోయాను.

పదేళ్ళలో భార్య నోటి నుంచి నేరుగా వచ్చిన మొదటి మాట విని జోగేశ్వరరావుగారు నిజంగానే కూర్చున్నారు. అక్షింతల పళ్ళెం పట్టుకున్న సంపూర్ణమ్మగారు నోరు తెరుచుకుని నిలబడ్డారు. మైకు సంగతి పీటల మీద వాళ్ళకి తెలియదు. హార్నులు బయటికి తిరిగున్నాయి, పైగా వాళ్ళ చెవుల్లో పాట తప్ప ఇంకేం లేదు.

పాట సాగుతూనే ఉంది. రెండో చరణంలో సాయంత్రమవుతుంది, ఆఖరి నావ కూడా ఖాళీ అవుతుంది. అమ్మణ్ణిగారి చెంప మీద నీళ్ళు దిగడం నేను చూశాను. ఆయనా చూశారు. ఈసారి గుమ్మంలోంచి కాదు, పక్కనుంచి. పాట అయిపోయింది. ముల్లు కింద రికార్డు ఖాళీగా తిరుగుతోంది.

జోగేశ్వరరావుగారు అలవాటు ప్రకారం "అమ్మాయ్, మీ అమ్మని..." అంటూ చుట్టూ చూశారు. అమ్మాయి గౌరీపూజలో ఉంది. మాట మొయ్యడానికి మనిషి లేదు. గొంతు సర్దుకున్నారు. రెండుసార్లు సర్దుకున్నారు.

"ఎవరు?" అన్నారు.

"ఆ రోజూ ఇదే అడిగారు" అన్నారు అమ్మణ్ణిగారు. "జవాబు విన్నాక విరగ్గొట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. వినకుండానే విరగ్గొట్టారు."

"ఇప్పుడు వింటాను. ఎవరైనా సరే. చెప్పు."

నా చెయ్యి మైకు నాబ్ మీదే ఉంది. తిప్పి ఆపెయ్యాలి. అది మర్యాద. కానీ 'టక్'మని చప్పుడైతే ఇద్దరూ ఇటు చూస్తారు, ఆ మాట మళ్ళీ పదేళ్ళకి గానీ దొరకదు. ఆపలేదు. కావాలంటే నన్ను తిట్టుకోండి. గోదావరి గట్టు మొత్తం ఊపిరి బిగబట్టి వింటోంది.

"మన పెళ్ళైన కొత్తలో నెలకి ఇరవై రోజులు మీరెక్కడుండేవారు?"

"ఎక్కడేంటి? ఏజెన్సీ సంతల్లో. పోలవరం, కూనవరం, భద్రాచలం. లాంచీలో సరుకు వేసుకుని తిరిగేవాణ్ణి."

"మరి నేనెక్కడుండేదాన్ని?"

ఆయన ముడి వైపు చూశారు.

"లాంచీల రేవులో ఉండేదాన్నండి. నీళ్ళకని బిందె పట్టుకుని వచ్చి, పైనుంచి వచ్చిన ప్రతి లాంచీలోంచీ ఆఖరి మనిషి దిగేదాకా నిలబడేదాన్ని. మీరు చెప్పిన రోజుకి ఎప్పుడైనా వచ్చారా? మీ అక్కగారిని అడగండి. బిందెడు నీళ్ళకి మూడు గంటలేంటని రోజూ తిట్టేవారు."

"నిజమేరా తమ్ముడూ!" అని పందిట్లోంచి సంపూర్ణమ్మగారు గట్టిగా అరిచారు. "తిట్టాను! నాకేం తెలుసు!"

అప్పుడు తిప్పాను నాబ్. ఊరు విన్నది ఇక్కడిదాకానే. సంపూర్ణమ్మగారి అరుపుతో పందిట్లో నవ్వులు లేచాయి, ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఆ గోలలో తర్వాత మాటలు ఎవరికీ చేరలేదు. నాలుగు బారల దూరంలో ఉన్న నాకు చేరాయి.

"అయితే ఆ పాట..." అన్నారు జోగేశ్వరరావుగారు.

"మా నాన్న సామర్లకోటలో కొనిచ్చారు. పెళ్ళికి ముందు అది వింటే నాకు నవ్వొచ్చేది. ఇదేం మనిషి, ఇంత ఏడుస్తుందేంటి అనుకునేదాన్ని. ఏడుపు ఈ ఊరొచ్చాక నేర్చుకున్నాను."

"నేను విరగ్గొట్టిన నాటికి లాంచీలు మానేసి ఏళ్ళయిందిగా? కొట్టు పెట్టాక ఇంట్లోనే ఉన్నానుగా?"

"ఉన్నారు. లాంచీ దిగినప్పుడు ముందు నాకోసం చూసేవారు. నేను ఎక్కడ నిలబడ్డానో వెతుక్కునేవారు. కొట్టు పెట్టాక ఇంటికి రాగానే ముందు తాళంచెవులు ఎక్కడ పెట్టాలా అని చూసేవారు. ఆ లాంచీ దిగిన మనిషి కోసం ఏడ్చానండి. తప్పా?"

ఆ ముసలి శెట్టిగారి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. ముసలాయనేం కాదు, యాభై కూడా లేవు. ఆ పూట అలా కనిపించారు.

"నాకెందుకు చెప్పలేదు అమ్మణ్ణీ?"

"రికార్డు ముక్కలు నేలమీద ఉండగా చెబితే భయపడి చెప్పినట్టుంటుంది. అయినా చెప్పాలా? వింటే తెలియదా, మీ గురించేనని?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నారాయన. "ఎవరో చదువుకున్నవాడు, అందగాడు, పద్యాలూ అవీ చెప్పేవాడు అనుకున్నాను. పాటల్లో ఉండేది వాళ్ళే కదా. నేను బిందెలు అమ్ముకునేవాణ్ణి. నాకోసం పాటేంటి?"

అమ్మణ్ణిగారు అప్పుడు మొదటిసారి ఆయన వైపు తిరిగారు. "ఆ పాటలో ఆవిడ ఎదురుచూసినవాడు ఏం అమ్ముకునేవాడో మీరేమన్నా చూశారా?" అన్నారు.

జోగేశ్వరరావుగారు కళ్ళు తుడుచుకుందామని ఉత్తరీయం ఎత్తారు. ముడి పడి ఉంది కదా, ఆవిడ కొంగూ దాంతోపాటు పైకొచ్చింది. రెండింటితోనూ తుడుచుకున్నారు. విడిది వైపు నుంచి నాదస్వరం దగ్గరపడుతోంది. పురోహితుడు "మైకు, మైకు" అనుకుంటూ పరుగున వస్తున్నాడు. తలుపు చాటునుంచి మీనాకుమారి, బుగ్గన చుక్కతో, తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇంకోసారి వెయ్యమంటావా?" అని జోగేశ్వరరావుగారు భార్యని అడిగారు. నేను ముల్లు మీద చెయ్యి వేసి సిద్ధంగా ఉన్నాను.

"ముందు పిల్ల పెళ్ళి కానివ్వండి" అన్నారు అమ్మణ్ణిగారు. "రేపట్నుంచి ఇంట్లో మనిద్దరమే కదా. కావలసినన్నిసార్లు వినొచ్చు."